ముద్రణకు డిజిటల్ ఫోటోల రిజల్యూషన్

ముద్రణ రిజల్యూషన్ అనగా కాగితంపై అచ్చయిన ఛాయాచిత్రంలో ఒక అంగుళం పొడవున ఇమిడే పిక్సెళ్ళ సంఖ్య. దీనిని అంగుళానికి ఇన్ని పిక్సెళ్ళని (పీపీఐ) కొలుస్తారు. ఊళ్ళోని స్టూడియోలో ఫోటో అచ్చు వేయించుకుంటే అక్కడి పనివారు ఫైలును చూసి లోపం చెప్పే వీలుంటుంది. అంతర్జాలం ద్వారా చేయించే ముద్రణలో పని చాలావరకు యంత్రాలదే. ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ వంటి మండల కేంద్రం నుండి ఆర్డరు పంపినవారికి ఫోటో మసకబారిన సంగతి పార్సెలు విప్పిన తరువాతనే తెలుస్తుంది. అందువలన పిక్సెళ్ళ లెక్క పంపేవారే ముందుగా చూసుకోవాలి.

పిక్సెళ్ళు

డిజిటల్ ఫోటో అనేక చిన్న చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. పది లక్షల పిక్సెళ్ళు ఒక మెగాపిక్సెల్. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన కుమారుని ఫోటోను స్కాను చేసి కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ చిత్రంలో 176 × 176 పిక్సెళ్ళు మాత్రమే ఉన్నాయి. దానిని 300 పీపీఐ చొప్పున అచ్చు వేస్తే ఒక్కొక్క వైపు సుమారు 1.5 సెం.మీ. వస్తుంది. తపాలా బిళ్ళ కంటే చిన్నదన్నమాట.

300 పీపీఐ ఎందుకు

మానవ నేత్రం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు బిందువులను వేరుగా గుర్తించగలదు. చేత పట్టుకున్న ఫోటోను సుమారు 30 సెం.మీ. దూరం నుండి చూస్తారు. ఆ దూరంలో ఈ కోణం 0.087 మి.మీ.కు సమానం. అనగా అంగుళానికి సుమారు 290 బిందువులు. 300 అనే అంకె వాడుకలోకి రావటానికి ఆధారం ఇదే. 200 పీపీఐ వద్ద కూడా ముద్రణ చాలావరకు బాగానే ఉంటుంది. మూడు మీటర్ల దూరం నుండి చూసే ఫ్లెక్సీ బ్యానరుకు ఇందులో పదో వంతు చాలు.

కొలతల లెక్క

ముద్రణ కొలతను అంగుళాలలో తీసుకొని 300తో గుణిస్తే కావలసిన పిక్సెళ్ళు వస్తాయి.

* 4 × 6 అంగుళాలు: 1200 × 1800 (సుమారు 2.2 మెగాపిక్సెళ్ళు)
* 5 × 7 అంగుళాలు: 1500 × 2100 (సుమారు 3.2 మెగాపిక్సెళ్ళు)
* 8 × 12 అంగుళాలు: 2400 × 3600 (సుమారు 8.6 మెగాపిక్సెళ్ళు)
* 12 × 18 అంగుళాలు: 3600 × 5400 (సుమారు 19.4 మెగాపిక్సెళ్ళు)

ఫైలులో "72 డీపీఐ" అని ఉన్నంత మాత్రాన అది ముద్రణకు పనికిరాదని భావించరాదు. అది కేవలం ఒక సూచిక. దానిని 300గా మార్చినా పిక్సెళ్ళ సంఖ్య మారదు. సాఫ్ట్‌వేరుతో ఫోటోను పెద్దది చేస్తే పిక్సెళ్ళు పెరుగుతాయి కాని కెమెరా పట్టని వివరాలు తిరిగి రావు.

నిష్పత్తి, కత్తిరింపు

మొబైల్ ఫోను ఫోటోలు సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటాయి. 4 × 6 కాగితం నిష్పత్తి 3:2. కాబట్టి 4000 × 3000 ఫోటోను ఈ కాగితం నిండా అచ్చు వేయాలంటే ఎత్తులో తొమ్మిదో వంతు కత్తిరించాలి. దీపావళి రోజులలో గోండులు ఆడే గుస్సాడి నృత్యాన్ని ఫ్రేము నిండుగా అడ్డంగా తీస్తే, ఈ కత్తిరింపులో నర్తకుని తలపైని నెమలి ఈకల టోపీ అంచో, పాదాలో పోవచ్చు. ఎటువైపు కత్తిరించాలో యంత్రానికి వదలక ముందే నిర్ణయించుకోవడం మంచిది.

ఫైలు పంపకంలో నష్టం

జేపెగ్ పద్ధతి కొన్ని వివరాలను వదిలివేసి ఫైలును కుదిస్తుంది. మార్చిన ప్రతిసారి మళ్ళీ భద్రపరిస్తే నాణ్యత ఇంకా తగ్గుతుంది. వాట్సాప్ వంటి సాధనాలలో ఫోటోను మామూలుగా పంపితే పిక్సెళ్ళ సంఖ్యే తగ్గిపోతుంది. 4000 పిక్సెళ్ళ పొడవున్న ఫోటో 12 అంగుళాల ముద్రణలో 333 పీపీఐ ఇస్తుంది. అదే ఫోటో 1600 పిక్సెళ్ళకు కుదిస్తే 133 మాత్రమే ఇస్తుంది. ఫోను తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాగితంపై మాత్రం నెమలి ఈకల పోగులు కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. ఫోటోను డాక్యుమెంటుగా పంపితే ఈ నష్టం ఉండదు. రంగులు తేడా రాకుండా ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో ఉంచడం మేలు.

పాత ఫోటోలు

కాగితపు ఫోటోను అదే కొలతలో తిరిగి అచ్చు వేయాలంటే 300 పీపీఐ వద్ద స్కాను చేస్తే సరిపోతుంది. 4 × 6 ఫోటోను 8 × 12గా పెంచాలంటే 600 పీపీఐ వద్ద స్కాను చేయాలి. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాదు గోండుల మధ్య ఫిల్ముపై తీసిన ఛాయాచిత్రాలు లండనులోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. మూలం భద్రంగా ఉన్నంతవరకు అటువంటి వాటిని మరింత ఎక్కువ రిజల్యూషన్‌తో మళ్ళీ స్కాను చేసే అవకాశం ఉంటుంది. మూలాన్ని తుడిచివేసి కుదించిన ప్రతిని మాత్రమే దాచుకున్న డిజిటల్ ఫోటోకు ఆ అవకాశం ఉండదు. ఇంట్లో ఒక పెద్దమనిషికి ఉన్నది ఒకే ఒక్క ఫోటో అయినప్పుడు గోడకు కట్టే పటం ఎంత పెద్దది కాగలదో ఆ ప్రతిలో మిగిలిన పిక్సెళ్ళే నిర్ణయిస్తాయి. కనుక కెమెరా ఇచ్చిన మూల ఫైలును మార్చకుండా విడిగా భద్రపరచి, ముద్రణకు అవసరమైన మార్పులు దాని నకలుపైనే చేయాలి.