నడకకు తోడు

ఒమన్‌లో వ్యాయామానికి మొదటి ఆటంకం ఎండ. 2018 జూన్ 26న మస్కట్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖురియాత్ పట్టణంలో ఇరవై నాలుగు గంటలపాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటె దిగువకు రాలేదు. ఇట్టి వేసవిలో కురుం తీరానికైనా, మత్రా కార్నిష్‌కైనా తెల్లవారకముందే నడకకు బయలుదేరవలసి ఉంటుంది. రెండవ ఆటంకం ఒంటరితనం. కుటుంబాన్ని స్వదేశంలో ఉంచి వచ్చిన ఉద్యోగిని ఆ వేళ నిద్రలేపి, నడకకు రమ్మని పిలిచేవారుండరు.

ఈ లోటును నేడు చేతిలోని ఫోను కొంత తీర్చగలదు. మస్కట్‌లో ఉదయం 5 గంటలైనపుడు హైదరాబాదులో 6.30. కురుం తీరాన నడిచే అన్న, కె.బి.ఆర్. పార్కులో నడిచే తమ్ముడు, విశాఖ బీచిరోడ్డున నడిచే చెల్లెలు తమ అడుగుల లెక్కను ఒకే వాట్సాప్ బృందంలో పంచుకొనవచ్చు. అయితే ఇట్టి దూరపు తోడు వలన వ్యాయామం నిజంగా పెరుగుతుందా? మనస్సుకు మేలు కలుగుతుందా?

తోడు యొక్క ప్రభావం శాస్త్రజ్ఞులకు కొత్త విషయం కాదు. సైకిలు పందెగాళ్ళు ఒంటరిగా తొక్కినప్పటి కంటె ఇతరులతో కలిసి తొక్కినపుడు వేగంగా పోతారని 1898లోనే అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ గుర్తించాడు. 1920 దశకంలో జర్మనీకి చెందిన ఒట్టో కోలర్ పడవ పందెగాళ్ళచేత జంటగా బరువు ఎత్తించాడు. జంటలో బలహీనుడు తాను ఒంటరిగా ఉన్నప్పటి కంటె ఎక్కువసేపు ఓర్చుకొన్నాడు. ఇద్దరి బలంలో తేడా ఓ మోస్తరుగా ఉన్నపుడే ఈ ఫలితం బాగా కనిపించింది. తేడా మరీ ఎక్కువైతే ఉత్సాహం తగ్గింది.

దూరాన ఉన్న మిత్రుల ప్రభావాన్ని కొలవడంలో ఒక చిక్కు ఉంది. పరుగు ఇష్టపడేవారే పరస్పరం మిత్రులవుతారు. అట్లయితే ఎవరు ఎవరిని కదిలించినట్లు? సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడెస్ అనే పరిశోధకులు వాన సాయంతో ఈ చిక్కు విప్పారు. ఒక ఊళ్ళో వాన కురిస్తే అక్కడివారు తక్కువ పరుగెత్తుతారు. వాన లేని వేరొక ఊళ్ళో వారి మిత్రుని పరుగు కూడ తగ్గితే, అది స్నేహప్రభావమే కదా! సుమారు 11 లక్షలమంది పరుగరుల ఐదేళ్ళ వివరాలను పరిశీలించి 2017లో వారు ఫలితాలు ప్రకటించారు. మిత్రులు ఒక కిలోమీటరు అదనంగా పరుగెత్తిన రోజున వ్యక్తి దాదాపు 300 మీటర్లు అదనంగా పరుగెత్తుతాడు. వెనుకనున్నవాడు దగ్గరవుతుంటే ముందున్నవాడు వేగం పెంచుతాడు. ముందున్నవాణ్ణి చూసి వెనుకనున్నవాడు అంతగా కదలడన్నది గమనార్హం.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 790 మంది విద్యార్థులపై జరిగిన ప్రయోగం 2016లో వెలువడింది. ఇతరుల హాజరును చూపి పోల్చుకోనిచ్చిన బృందాలవారు తక్కినవారి కంటె దాదాపు రెట్టింపుగా వ్యాయామ తరగతులకు వచ్చారు. కేవలం ప్రోత్సాహపు మాటలు చెప్పుకొన్న బృందానికి అట్టి లాభం కలుగలేదు.

అయితే పోలిక రెండంచుల కత్తి. మానవుడు తనను ఇతరులతో పోల్చి కొలుచుకొంటాడనీ, తనకు సమీపస్థాయిలో ఉన్నవారినే అందుకు ఎన్నుకొంటాడనీ లియోన్ ఫెస్టింజర్ 1954లో ప్రతిపాదించాడు. మోకాలినొప్పితో మూడు వేల అడుగులు వేసిన తల్లికి ఇరవై వేలు నడిచిన యువకుని లెక్క ఉత్సాహానికి బదులు నిరుత్సాహమే కలిగించవచ్చు. నిజానికి ప్రసిద్ధమైన పదివేల అడుగుల లక్ష్యం 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులమీటరు పేరునుండి వ్యాపించినదే. సగటు వయస్సు 72 ఏళ్ళుగల స్త్రీలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, దాదాపు 7,500 అడుగుల తరువాత మరణభయం మరింత తగ్గిన జాడ కనబడలేదు.

కలిసి కదలడంలో మరొక లాభమున్నది. ఆక్స్‌ఫర్డ్ పడవ పందెగాళ్ళు సమానమైన శ్రమనే కలిసి చేసినపుడు, ఒంటరిగా చేసినప్పటి కంటె నొప్పిని ఎక్కువగా ఓర్చుకొన్నారని 2010లో ప్రచురితమైంది. మెదడులో ఊరే ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం.

కనుక బృందంలో సమానస్థాయివారు కొద్దిమంది ఉంటే చాలు. అంకెల కోసం ఎండలో పంతానికి పోరాదు. వీలైన శుక్రవారం తీరాన కలిసి నడవడం మేలు. రెండు రోజులు లెక్క పంపని మిత్రుణ్ణి "ఎందుకు నడవలేదు?" అని నిలదీయక, "కులాసాయేనా?" అని పలకరించాలి. ఆ పలకరింపే మరునాటి మొదటి అడుగు కావచ్చు.