ఒలందుల తుపాకులు - ఉత్తర తెలంగాణపు టుక్కు

గోదావరి దక్షిణతీరముననున్న మంథని ప్రాచీనకాలమున మంత్రకూటమని ప్రసిద్ధిగన్న విద్యాస్థానము. దానికిఁ బడమటనున్న జగిత్యాల, నిర్మల, కోనసముద్రపు సీమలు ఇనుమునకును, ఉక్కునకును పేరొందినవి. ఈ నది కడలిఁ గలయు నరసాపుర ప్రాంతమునను, మచిలీబందరునను 17వ శతాబ్దమున వర్తకముచేసిన పాశ్చాత్యులలో ఒలందులు ముఖ్యులు. కావున వారి తుపాకులు ఈ సీమ యుక్కుతోఁ జేయఁబడినవా యను ప్రశ్న విచారింపఁదగినది.

ఒలందు కంపెనీ 1602లో స్థాపింపఁబడి, 1606లో గోలకొండ సుల్తానుతో నొడంబడిక చేసికొని బందరున వర్తకశాల నెలకొల్పెను. అచ్చటి వలందపాలెము వారి పేరిటిదే. వారి తొలి తుపాకులు వత్తితుపాకులు. మీటనొక్కఁగా మండుచున్న వత్తి వంగి మందునకు నిప్పంటించును. తరువాత చెకుముకిరాయి యుక్కుపలకను దాఁకి నిప్పురవ్వలు రాల్చు తుపాకులు వాడుకలోనికి వచ్చెను. వీనిలో నొకదాని కైరోపాలోఁ జెల్లిన 'స్నాపాన్' అను పేరు డచ్చుమాటయే. 17వ శతాబ్దపు నడిమికాలమున మాస్ట్రిక్టు నగరమున దంతపుఁబిడుల పిస్తోళ్లు చేయఁబడెను. అందు యాకోబ్ కోస్టర్సు తన పేరు చెక్కిన పిస్తోళ్లు నేఁటికిని నిలిచియున్నవి. కంపెనీ యాయుధములపై దాని మూఁడక్షరముల ముద్రయు, ఆమ్‌స్టర్‌డాము మొదలగు నాఱు శాఖలలో నొకదాని తొలియక్షరమును గానవచ్చును. ఫిరంగుల యినుమునకు స్వీడను ముఖ్యాకరము. లూయి డ గీరు (1587-1652) ఆ వర్తకమున నగ్రగణ్యుఁడు.

తుపాకిగొట్టము మందు ప్రేలునప్పటి యొత్తిడికిఁ బగులక సాగవలయును. అందులకు మెత్తని సాగుడినుము తగినది. కోనసముద్రపు టుక్కు గట్టిది. వాడిగల కత్తికంచున కుత్తమము, అతిగాఁ గాల్చి కొట్టినచోఁ జిట్లును. భారత పారసీక దేశములందు అట్టి యుక్కు గొట్టములును గలవు గాని, ఒలందుల సామాన్యపుఁ దుపాకి గొట్టము ఐరోపా యినుముదే. ఒలందు లీ యుక్కును సరకుగాఁ గొని బటేవియాకును, పారసీకమునకును నోడలపైఁ బంపిరి. అది ప్రధానముగా ఖడ్గముల పాలయ్యెను.

ఆ యుక్కు చేయువిధమును 1824లో మృతుఁడైన వాయిసీ కనులారఁ జూచి వ్రాసెను; ఆ రచన 1832లో ముద్రితమైనది. రెండు తావుల యినుములను గలిపి మట్టిమూసలలో నుంచి, తిత్తులు కొట్టుచు నిరువదినాలుగు గంటలు కాల్తురు. పిమ్మట గడ్డను మన్ను పూసి పలుమాఱులు కాఁచి, సుత్తెదెబ్బకు లొంగునట్లు చేయుదురు. ఇస్ఫహాను వర్తకుఁడొకఁ డచ్చటికి వచ్చి యుక్కు గొనుటను గూడ నాతఁడు చూచెను.

1747లోఁ గట్టిన జగిత్యాలకోటను, నిర్మల ఫిరంగిశాలను గూడ నొలందుల కంటఁగట్టుట పొరపాటు. కోట ఫ్రెంచి శిల్పులది. ఫిరంగిశాల జఫరుద్దౌలా కాలమునాఁటిది.

తుపాకి యనుమాట తురుష్కభాషనుండి తెలుఁగునకు వచ్చెను. ఐరోపాభాషలలోని 'వూట్జు' ఉక్కు శబ్దభవమని పలువురు పండితుల మతము. కోస్టర్సు పేరు పిస్తోలుపై నున్నది; కోనసముద్రపుఁ గమ్మరుల పేరు లే గడ్డపైనను లేవు. వారి యూళ్లలోని మూసపెంకులను, చిట్టెపుదిబ్బలను గాపాడి పరిశోధించుట యీ చరిత్రమున కత్యావశ్యకము.