విమానపు ఇంజనును మేల్కొల్పే బలం ఎంత?

1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం గాలిలోకి లేచే ముందు, దాని రెండు ప్రొపెల్లర్లను చేతులతో లాగి ఇంజనును నడిపించవలసి వచ్చింది. ఆ ఇంజను శక్తి సుమారు 12 అశ్వశక్తులు. 1917లో అమెరికాలో రూపొందిన లిబర్టీ ఇంజను 12 సిలిండర్లతో 400 అశ్వశక్తుల స్థాయికి చేరింది. పద్నాలుగేళ్లలో ఇంజను ఇంతగా పెరిగింది గాని మనిషి భుజబలం పెరగలేదు. పెద్ద ఇంజన్ల వద్ద ఇద్దరు ముగ్గురు చేతులు కలిపి గొలుసుగా నిలిచి ప్రొపెల్లరును లాగేవారు. అందుచేత ఇంజను కదలడానికి ఎంత బలం కావాలో కొలవడం అవసరమైంది.

ఆగిన ఇంజనులో ప్రధానంగా రెండు అడ్డంకులు ఉంటాయి. మొదటిది రాపిడి. చలికి నూనె చిక్కబడితే ఇది మరింత పెరుగుతుంది. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ ఇంజన్లలో కందెనగా వాడినది మనకు తెలిసిన ఆముదమే. చలికి అదీ చిక్కబడేది. రెండవది సిలిండరులో నలిగే గాలి ఎదురొత్తిడి.

కొలిచే సూత్రం గానుగ తిప్పే రైతుకు తెలిసినదే: కాడి పొడవు పెరిగినకొద్దీ లాగవలసిన బలం తగ్గుతుంది. ప్రొపెల్లరు ఇరుసుకు ఒక కడ్డీని బిగించి, దాని చివర స్ప్రింగు త్రాసును తగిలించి, కడ్డీకి లంబంగా లాగాలి. ఇరుసు నుండి మీటరు దూరాన త్రాసు 20 కిలోలు చూపిందనుకుందాం. అప్పుడు తిప్పుబలం 20 కిలోగ్రాము-మీటర్లు. అర మీటరు దూరాన లాగితే 40 కిలోల బలం కావాలి.

అయితే త్రాసు ముల్లు ఒకచోట నిలవదు. ప్రతి సిలిండరులో గాలి నలిగేటప్పుడు పైకెగసి, ఆ ఘట్టం దాటగానే పడిపోతుంది. లెక్కలోకి తీసుకోవలసినది ఆ గరిష్ఠస్థాయినే. స్పార్కు ప్లగ్గులు తీసివేసి మళ్లీ కొలిస్తే దాదాపు రాపిడి ఒక్కటే మిగులుతుంది. రెండు కొలతల తేడా గాలి ఒత్తిడిని తెలుపుతుంది. నిదానంగా తిప్పినప్పుడు పిస్టను రింగుల సందుల గుండా గాలి కొంత జారిపోతుంది గనుక ఈ అంకె అసలు అవసరం కంటే తక్కువగా రావచ్చు.

బలం ఒక్కటే చాలదు, వేగమూ కావాలి. తగినంత వేగంగా తిరిగితేనే మాగ్నెటో గట్టి నిప్పురవ్వను ఇస్తుంది. ఈ రెండు అవసరాలను తీర్చేందుకే యంత్రాలు వచ్చాయి. బ్రిటిష్ వైమానికుడు బెంట్‌ఫీల్డ్ హక్స్ పేరు మీద వెలసిన హక్స్ స్టార్టరు, మోటారు బండి శక్తిని ఒక ఇరుసు ద్వారా ప్రొపెల్లరుకు అందించేది. ఇంజను అందుకోగానే దాని కొక్కెం తనంతట తానే విడిపోయేది. తరువాత వచ్చిన ఇనర్షియా స్టార్టరులో మనిషి చేతిమీటను నిదానంగా తిప్పితే చిన్న చక్రం నిమిషానికి 10,000 చుట్లకు పైగా వేగం పుంజుకొని, ఆ శక్తిని ఒక్కసారిగా ఇంజనుకు ఇచ్చేది. మితిమీరిన బలం పడితే జారిపోయే క్లచ్ అందులో ఉండేది. ఆ మితిని నిర్ణయించడానికి తిప్పుబలపు లెక్కే ఆధారం.

కొలతలో ప్రాణాపాయమూ ఉంది. మాగ్నెటోకు బ్యాటరీ అక్కరలేదు. స్విచ్ కట్టివేసినా, దానికి వెళ్లే తీగ తెగి ఉంటే నిప్పురవ్వ పుట్టి ప్రొపెల్లరు ఉన్నట్టుండి తిరగవచ్చు. నేటికీ టైగర్ మాత్ వంటి పాత విమానాలను చేతితోనే తిప్పేవారు పాటించే నియమం ఇదే: ఆగివున్న ప్రతి ప్రొపెల్లరునూ తిరగడానికి సిద్ధంగా ఉన్నదానిగానే భావించాలి.