ఆంధ్రా పారిస్ నుంచి అసలు ఫ్రాన్స్‌కు

తెనాలికి ఆంధ్రా పారిస్ అని పేరు. అక్కడ పెరిగి, 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాలలో డిగ్రీ చదివి, వైన్ శాస్త్రం కోసం ఫ్రాన్స్‌లోని మాంపెలియే వెళ్లే విద్యార్థికి మొదటి పాఠం రొట్టెల కొట్టులోనే ఎదురవుతుంది. లోపలికి అడుగుపెట్టగానే ‘బోన్‌జూర్’ అనాలి. ఆ పలకరింపు లేకుండా సరుకు అడిగితే మర్యాద తప్పినట్టే. ఆదివారం చాలా కొట్లు మూతపడతాయి కాబట్టి కావలసినవి శనివారమే తెచ్చుకోవాలి.

ఇక రుచి చూసే తరగతి. గ్లాసు వంచి రంగు చూడాలి, తిప్పి వాసన పట్టాలి, ఓ గుక్క నోట్లో పోసుకుని నాలుకంతా తగిలేలా పుక్కిలించి ఉమ్మేయాలి. మింగుతూ పోతే మత్తెక్కి తేడాలు తెలియవు.

మన ఇళ్లలో మద్యం పేరెత్తితేనే పెద్దలు ముఖం చిట్లిస్తారు. అక్కడ అది నేల, వాన, ఈస్టుల చదువు. రేపల్లె వైపు తాటికల్లు పులియడం చూసినవాళ్లకు ఆ పాఠం సులువుగానే ఎక్కుతుంది. ఫ్రాన్స్‌లో ఏ ప్రాంతం పేరుతో అమ్మే వైన్‌కు ఏ ద్రాక్ష వాడాలో 1935లో వచ్చిన వ్యవస్థ కట్టడి చేస్తుంది. మద్యం ప్రకటనలకు 1991 నాటి చట్టం కళ్లెం వేసింది. వైన్‌ను గౌరవించే దేశమే ఈ హద్దు గీసుకోవడం మెచ్చదగ్గది.

వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడుండగానే ఫ్రెంచి మొదలుపెట్టండి. కోర్సు ఇంగ్లిషులో ఉన్నా, సెప్టెంబరు ద్రాక్ష కోతల్లో తోటలో వినపడేది ఎక్కువగా ఫ్రెంచే.