కోటవాకిలి, ధాన్యపుకొట్టు

మా గండికోటను చూచినవారు పెన్నానది లోయను, మాధవరాయస్వామి గోపురమును, జుమ్మా మసీదును జ్ఞాపకముంచుకొందురు. మసీదు దాపున నున్న ధాన్యాగారమును అంతగా తలపరు. నేను నేడు చెప్పబోవు విషయమునకు అదియే కావలసియున్నది. కోటవాకిలి దాటనిచ్చిన ప్రతివాని చేతికిని కొట్టు తాళము నిత్తురా? ఇయ్యరు గదా. వాకిటి కావలి వేరు, కొట్టు కావలి వేరు.

కార్యాలయములలోని కంప్యూటరులకును ఇట్టి రెండు కావళ్లు కలవు. పెక్కు కంప్యూటరులను ఒకదానితో నొకటి కలిపినది నెట్‌వర్కు. పనివారి ఖాతాలు, అనగా వారి పేర్లును రహస్యపదములును, సర్వరు అను పెద్ద కంప్యూటరునొద్ద నుండును. రెండును సరిపోయినచో "ఇతడు మనవాడే" యని సర్వరు సాక్ష్యమిచ్చును. దాని పని అంతవరకే. వేరొక కంప్యూటరులోని ఫైలును అతడు చదువవచ్చునా, దిద్దవచ్చునా, చెరుపవచ్చునా యనునది ఆ ఫైలున్న కంప్యూటరు తన పట్టీని జూచి నిర్ణయించును. పట్టీలో చోటు లేనివాడు సర్వరు మెచ్చినవాడైనను వెనుదిరుగవలసినదే.

విండోస్ పద్ధతిలో ఇంకొక మెలిక యున్నది. ఫైళ్లనుంచు అర, అనగా ఫోల్డరును, నెట్‌వర్కుపై పంచునపుడు వ్రాయు అనుమతి యొకటి. డిస్కుమీద ఆ ఫోల్డరునకే వ్రాయు అనుమతి మరియొకటి. దూరమునుండి వచ్చువానికి రెంటిలో తక్కువదియే చెల్లును. ఆ కంప్యూటరు ముందే కూర్చున్నవానికి మొదటిది అడ్డురాదు. కావున రెండవదానిని అలక్ష్యము చేయరాదు.

ఇది మనకేల యందురేమో. పూర్వము గ్రామకరణము కవిలెకట్ట ఆయన యింటి పెట్టెలో నుండెడిది. 19వ శతాబ్ది యారంభమున మెకెంజీ దొర కైఫీయతులు వ్రాయించినప్పుడు ఇట్టి కవిలెలే ఆధారములైనవి. చదువుటకును దిద్దుటకును చేయి యొక్కటే. 1984లో కరణీకములు రద్దయినవి. 2015లో వచ్చిన మీభూమియందు రైతు తన అడంగలును ఇంటనుండియే చూచుకొనవచ్చును, దిద్దజాలడు. దిద్దుట రెవెన్యూ అధికారుల పని. చూపును వ్రాతనుండి విడదీయుటయే ఇందలి కీలకము.

విడదీయనిచో నేమగునో నాకు తెలియును. ఒకచోట మా ప్రాంతపు శాసనముల నకళ్లను ఆరు నెలలు కూర్చుండి టైపు చేసితిని. అందరును చదువుకొనవలెనని నా కోరిక. తొందరలో ఆ ఫోల్డరు పట్టీయందు "అందరికిని సంపూర్ణాధికారము" అని వ్రాసిరి. చదువవచ్చిన విద్యార్థి యొకడు పొరపాటున ఫోల్డరునే చెరిపివైచెను. నెట్‌వర్కుమీదుగా చెరిపినది సాధారణముగా ఆ కంప్యూటరు చెత్తబుట్టలోనికైనను పోదు. పిల్లవాని ననుటకేమున్నది? చదువు హక్కొక్కటే యిచ్చియుండిన వాని చేయి సాగకపోవును. రెండవ ప్రతి యుంచుకొనకపోవుట నా తప్పు. చత్వారపు కన్నులతో మరల మొదలిడితిని.

పట్టీలో మనుష్యుని పేరు వ్రాయుటకంటె గుంపు పేరు వ్రాయుట మేలు. "లెక్కల గుమాస్తాలు" అని గుంపు నేర్పరచి దానికే హక్కిచ్చినచో, ఒకడు బదిలీ యైనప్పుడు వానిని గుంపునుండి తొలగించిన చాలును, ఫైళ్లను తాకనక్కరలేదు.

మీ యూరి సహకార సంఘమున కంప్యూటరున్నచో రెండు సంగతులు విచారింపుడు: పోయినవారి ఖాతాలు ఇంకను పనిచేయుచున్నవా? ఒకే ఖాతాను పలువురు వాడుచున్నారా? వాడుచున్నచో, రేపు అప్పుల పద్దులో నొక అంకె మారినపుడు ఏ చేయి మార్చెనో చెప్పుట ఆ కంప్యూటరు తరముగాదు.