మరమ్మతు కూడా సదకాయే

రంజాన్‌కు ముందు ఇల్లు సర్దుకునేటప్పుడు మూలపడిన వస్తువులన్నీ బయటపడతాయి. కాలు విరిగిన కుర్చీ, పిడి ఊడిన కుక్కరు, తిరగని ఫ్యాను, దూది గడ్డకట్టిన పరుపు, గుండీలు లేని చొక్కాలు. ‘ఎవరైనా పేదవారికి ఇచ్చేద్దాం’ అనుకుంటాము. తలంపు మంచిదే. అయితే విరిగిన కుర్చీ విరిగినట్లే పేదవాని గుమ్మం చేరితే, మన ఇంటి చెత్త అతని ఇంటికి మారినట్లే అవుతుంది. దానిని దానమని ఎలా అనగలం?

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 267వ వాక్యం ఈ విషయాన్నే హెచ్చరిస్తోంది. మనకెవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప పుచ్చుకోలేని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వడానికి ఎంచుకోరాదని దాని సారాంశం. పాత వస్తువులు ఇవ్వకూడదని దీని భావం కాదు. పాతదనం లోపం కాదు, పనికిరాకపోవడమే లోపం. ఆ లోపాన్ని తొలగించేది మరమ్మతు.

దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే బాగుచేసుకునేవారని, తమ దుస్తులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒకసారి ఆయన చచ్చిపడి ఉన్న ఒక గొర్రెను చూసి, దాని తోలును ఎందుకు ఉపయోగించుకోలేదని అడిగారు. అది చచ్చినది కదా అని సహచరులు విన్నవించగా, నిషిద్ధమైనది దానిని తినడమేనని వివరించారు. పారవేసిన దానిలో కూడా పనికివచ్చే భాగమేదో వెతకాలని ఈ హదీసు మనకు నేర్పుతుంది.

మన ప్రాంతానికి ఈ దృష్టి కొత్తది కాదు. గడ్డకట్టిన పరుపు దూదిని విప్పి, ఏకి, మళ్ళీ మెత్తగా నింపి కుట్టడం దూదేకుల సోదరుల తరతరాల వృత్తి. కళాయి వేసే కారిగరు ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పూస్తాడు. చింతపండు పులుసుకు చిలుము పట్టే గిన్నె మళ్ళీ వంటకు పనికివస్తుంది. పాత చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టిన అమ్మమ్మలు మన ప్రతి పల్లెలోనూ ఉన్నారు.

పట్టణ స్థాయిలోనూ మనకు ఆదర్శముంది. అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేటలో 2003లో మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధుల్లోని చెత్తకుండీలు తీయించి, ఇంటింటి సేకరణ ప్రారంభించారు. తడి చెత్త ఎరువైంది, పొడి చెత్త అమ్మకానికి వెళ్ళింది. సుమారు లక్షమంది ఉన్న ఆ పట్టణం దేశంలో చాలామంది దృష్టిని ఆకర్షించింది. ఇంటివద్దే వేరుచేస్తే చెత్తకూ విలువ ఉంటుందని అది నిరూపించింది.

అయితే తుక్కుగా అమ్మిన కుర్చీకి కొద్ది రూపాయలే వస్తాయి. అదే కుర్చీకి కాలు బిగిస్తే ఒక విద్యార్థి ఏళ్ళ తరబడి కూర్చుని చదువుకుంటాడు. ఈ ఉద్దేశంతోనే 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పట్టణాల్లో ‘ఆర్ఆర్ఆర్’ కేంద్రాలను ప్రారంభించింది. పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు అక్కడ ఇవ్వవచ్చు. అంతకుముందే, 2009 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘రిపేర్ కేఫ్’ మొదలైంది. అక్కడ వస్తువును వదలి వెళ్ళిపోరు. యజమాని పక్కనే కూర్చుని, పని తెలిసినవారితో కలిసి దానిని బాగుచేసుకుంటాడు. 2015లో ఈ పద్ధతి బెంగళూరుకు చేరింది.

మన పట్టణాల్లోని షాదీఖానాలు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. నెలకొక ఆదివారం అక్కడ మరమ్మతు కోసం కేటాయించలేమా? ఒక దర్జీ, ఒక వడ్రంగి, ఒక ఎలక్ట్రీషియన్ వస్తే చాలు. కరెంటు వస్తువులను పని తెలిసినవారే విప్పాలి. పాత ఫోన్లలోని ఫోటోలు, నంబర్లు తుడిచివేసిన తరువాతే ఇతరులకు ఇవ్వాలి. బట్టలను ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి మడతపెట్టాలి. ఎవరు ఏమి ఇచ్చారో రిజిస్టరులో రాయాలి, ఎందుకంటే అది అమానత్. పుచ్చుకునేవారి పేర్లు మాత్రం పదిమందిలో చదవరాదు, ఫోటోలు తీయరాదు.

మరొక ముఖ్య విషయం. కారిగర్లు కూడా మన బస్తీల్లోని పేదవారే. సేవ పేరుతో వారి ఆదివారం కూలిని పోగొట్టడం న్యాయం కాదు. వస్తువు ఇచ్చేవారే దాని మరమ్మతు ఖర్చును కూడా ఇవ్వాలి. అప్పుడు ఒకే దానంతో రెండు ఇళ్ళకు మేలు జరుగుతుంది. బాగుచేసిన వారికి కూలి, పుచ్చుకున్న వారికి గౌరవం దక్కుతాయి. పక్కన కూర్చుని చూసే మన పిల్లలకు సూది, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తుంది.

ఈసారి మూటకట్టేటప్పుడు ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది నాకెవరైనా ఇస్తే సంతోషంగా పుచ్చుకుంటానా అని ఒక్క క్షణం ఆలోచించండి. పుచ్చుకోలేమనిపిస్తే, ముందు దానిని కారిగరు వద్దకు తీసుకువెళ్ళండి.