సరుకు దారి, సొమ్ము దారి

అమెరికాలో హెచ్‌బీఓ చానెల్ 2002 నుంచి 2008 వరకు ఐదు సీజన్లుగా ప్రసారం చేసిన 'ది వైర్' ధారావాహిక బాల్టిమోర్ నగరంలోని మాదకద్రవ్యాల వ్యాపారాన్ని కథావస్తువుగా తీసుకున్నప్పటికీ, దాని విచారణ అంతా ఆ వ్యాపారానికి ఊపిరి పోసే వ్యవస్థల మీదనే సాగింది. సృష్టికర్త డేవిడ్ సైమన్ అంతకుముందు అదే నగరంలో పత్రికా విలేకరిగా పనిచేసినవాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ హత్యకేసుల దర్యాప్తు అధికారిగా, తరువాత ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. అందువల్లనే పోలీసుల ఫోన్ నిఘాతో మొదలైన కథ క్రమంగా ఓడరేవు కార్మికుల్లోకి, నగర రాజకీయాల్లోకి, బడుల్లోకి, చివరకు పత్రికా కార్యాలయంలోకి విస్తరిస్తుంది.

ఇందులోని అత్యంత పదునైన విమర్శ అంకెల పాలన మీద ఉంది. నేరాలు తగ్గినట్టు చూపాలని మేయరు పోలీసు ఉన్నతాధికారులను, వారు తమ కిందివారిని ఒత్తిడి చేస్తుంటే, ఓపికగా సాగవలసిన దర్యాప్తు మూలనపడి, వీధి చివర పొట్లాలు అమ్మే కుర్రాళ్ల అరెస్టులే ఘనకార్యంగా చెలామణి అవుతాయి. లెస్టర్ ఫ్రీమన్ అనే డిటెక్టివ్ సొమ్ము జాడ పట్టుకుని, అది నాయకుల విరాళాల దాకా పోతుందని తేల్చగానే పైనుంచి అడ్డంకులు మొదలవుతాయి.

బాల్టిమోర్ కథలోలాగే మన దగ్గరా వ్యవస్థ తీసుకున్న విధాన నిర్ణయమే అక్రమ రవాణాకు దారి తెరవగలదని పల్నాడు కళ్లారా చూసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 1 నుంచి మద్యం దుకాణాలను తానే నడపడం మొదలుపెట్టి, వినియోగం తగ్గించాలన్న ఉద్దేశంతో 2020 మేలో ధరలను 75 శాతం పెంచింది. గురజాల ప్రాంతంలో పొందుగుల దగ్గర కృష్ణా నది వంతెన దాటితే వాడపల్లి, అంటే తెలంగాణ. మాచర్ల వైపు నాగార్జునసాగర్ సరిహద్దు. అవతల చవగ్గా దొరికే సీసా ఇవతలికి రాగానే లాభమయింది గనుక బైకు డిక్కీల్లో, ఆటోల్లో, పడవల మీద సరుకు కదిలింది. దాన్ని అరికట్టేందుకు అదే మే నెలలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పుట్టింది. చెక్‌పోస్టులో సీటు ఎత్తించి చూస్తే దొరికేది కూలి కోసం నాలుగు సీసాలు తెచ్చిన మనిషే. ఆ రవాణాను గిట్టుబాటు చేసిన ధరల తేడా మీద కేసు పెట్టే చట్టం ఏదీ లేదు.

గంజాయి విషయం ఇంకా కఠినమైనది. అది అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో, ఒడిశా సరిహద్దు కొండల్లో పండి, చిలకలూరిపేట పక్కగా పోయే కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి వంటి మార్గాల్లో దక్షిణాదికి చేరుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం శిక్షను తూకాన్ని బట్టి నిర్ణయిస్తుంది: 20 కిలోలు మించితే దానిని 'వాణిజ్య పరిమాణం' అంటారు, కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం, బెయిలు దొరకడం దుర్లభం. మూట ఎవరిదో, లాభం ఎవరికో ఆ తూకంలో తేలదు గనుక, అప్పు తీరుతుందని మోయడానికి ఒప్పుకున్న గిరిజన యువకుడికి కూడా ఆ పదేళ్లే వర్తిస్తాయి. ఇది న్యాయం అనిపించుకోదు.

పెట్టుబడి పెట్టినవారి కోసం అదే చట్టంలో 27ఏ సెక్షన్ ఉంది, దానికీ పదేళ్లకు తగ్గని శిక్షే. అయితే అది రుజువు కావాలంటే బ్యాంకు ఖాతాలు, ఫోను రికార్డులు, బినామీ ఆస్తుల దస్తావేజులు నెలల తరబడి తిరగేసే సిబ్బంది కావాలి. అంత శ్రమా కలిపి నివేదికలో ఒక్క కేసుగానే లెక్కకు వస్తుంది.